ఒక్క మాత్ర కూడా

మార్చి 2, శుక్రవారం. ఉదయం ఏడు గంటలు

మా అమ్మలు జిగురు సీసా మూత తీసేసింది! తన చేత్తో! ఎవరి సాయమూ లేకుండా!

అక్షరాలు వంకర పోతున్నాయి, పోనీ. ఇవాళ రాయకపోతే ఇంకెప్పుడు రాస్తాను? మూడేళ్ళ రెండు నెలలుగా నా కూతురు పొద్దున్నే గ్లాసు పట్టుకోలేకపోయింది, దువ్వెన పట్టుకోలేకపోయింది, గుండీ పెట్టుకోలేకపోయింది. వేళ్ళ కణుపులు ఉసిరికాయల్లా వాచిపోయేవి. పది దాటితే గానీ పిడికిలి బిగిసేది కాదు. ముసలితనంలో కీళ్ళు అరిగిపోయే జబ్బు కాదట, ఒంట్లో కాపలా ఉండాల్సినదే కీళ్ళ మీద తిరగబడే రకమట. డాక్టరమ్మ చెప్పింది. ముప్ఫై నాలుగేళ్ళ పిల్లకి.

జిగురు సీసా మూత సంగతి బైండింగు పని చేసినవాడికే తెలుస్తుంది. సాయంత్రం అంచుకి రవ్వంత జిగురు అంటుకుంటే చాలు, తెల్లారేసరికి సిమెంటు పోసినట్టు బిగుసుకుపోతుంది. రోజూ నేనే గుడ్డ చుట్టి, మోకాళ్ళ మధ్య ఇరికించి, పళ్ళు బిగబట్టి తిప్పుతాను. ఇవాళ షాపు గదిలో కళ్ళజోడు వెతుక్కుంటుంటే వెనక టక్కుమంది. తిరిగి చూస్తే ఒక చేతిలో సీసా, ఒక చేతిలో మూత. అమ్మలు కూడా ఆ మూత వంకే చూస్తూ నిలబడిపోయింది, ఎవరో తీసి తన చేతిలో పెట్టినట్టు.

చప్పట్లు కొట్టాను. ఎగిరాను కూడా. డెబ్భై ఒక్కేళ్ళ వాణ్ణి! మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, సీసా మూతకే ఇంత గోలయితే రేపు పిల్ల బీరువా తలుపు తీస్తే బ్యాండు మేళం పిలిపిస్తారా అంది. అంటూనే మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

ప్రభువా, విన్నావు. నా బుధవారం ఉపవాసాలు విన్నావు, నా మోకాళ్ళ మీది ప్రార్థనలు విన్నావు. నవంబరులో డాక్టరమ్మ మందు మార్చి వారానికొక మాత్ర మొదలుపెట్టింది, నిజమే. ఇది నెమ్మదిగా పనిచేస్తుంది, నాలుగు నెలలు ఓపిక పట్టండి అంది, అదీ నిజమే. కానీ ఆ ఓపిక ఎవరిచ్చారు?

సాయంత్రం

ఫోను చేసి చెప్పినవాళ్ళు, ఎవరినీ మరిచిపోకూడదని రాసుకుంటున్నాను: అక్క. బావగారు. తమ్ముడు, మరదలు. బామ్మర్ది. మా ఆవిడ పిన్ని. మేనల్లుడు. అక్క నా గొంతు వినగానే, ఒరేయ్ పెద్దోడా, ఏడుపు ఆపి చెప్పరా, ఎవరు పోయారు అంది. ఎవరూ పోలేదక్కా, మూత వచ్చింది అన్నాను. పిచ్చి పట్టిందనుకుంది.

మార్చి 4, ఆదివారం

దేవుడు చేసిన మేలు గురించి మందిరంలో సాక్ష్యం చెప్పాను. జీవితంలో మొదటిసారి మైకు పట్టుకున్నాను.

మా ప్రార్థన మందిరంలో సాక్ష్యానికి రెండు నిమిషాలు. టైమయితే పాస్టరు గారు బల్ల మీది చిన్న గంట టింగుమనిపిస్తారు. అందుకని అయిదు వాక్యాలు చీటీ మీద రాసుకుని వెళ్ళాను. చేతుల వాపు, మూడేళ్ళ ప్రార్థన, సీసా, మూత, స్తోత్రం. అంతే. మొదటి వాక్యానికి నలుగురు ఆమెన్ అన్నారు. రెండోదానికి ముందు వరసలన్నీ అన్నాయి. మూత దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. నా ఒళ్ళు తేలిపోయింది. చీటీలో అయిదూ అయిపోయాయి, గంట ఇంకా మోగలేదు. హాలంతా నా నోటి వంక చూస్తోంది. అప్పుడు ఆరోది వచ్చేసింది.

ఇప్పుడు మా అమ్మాయి ఒక్క మాత్ర కూడా మింగడం లేదు అన్నాను.

హాలు అదిరిపోయింది. అంత ఆమెన్ నేనెప్పుడూ వినలేదు.

బయటికి వచ్చాక గొడుగాయన నన్ను కావలించుకున్నాడు. ఎండయినా వానయినా చంకలో గొడుగు లేకుండా కనపడడు, మందిరంలో నా పక్క కుర్చీ ఆయనదే. ఆయన భార్య అమ్మలు చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఎప్పటినుంచి మానేశావు తల్లీ, దేని తర్వాత మానేశావు అని అడిగింది. అమ్మలు నా వంక చూసి, నాన్నే చెప్పారు కదండీ అంది.

మా ఆవిడ ఇంటిదాకా నాకన్నా పది అడుగులు ముందే నడిచింది. ఎందుకంత తొందర అంటే, అబద్ధానికి కాళ్ళు పెద్దవి కదండీ, నేను అందుకోలేను, అందుకే ముందు నడుస్తున్నా అంది.

అబద్ధమా అది? రేపో మాపో మానేసేదే కదా. కాస్త ముందుగా చెప్పాను, అంతే.

మార్చి 5, సోమవారం

మాత్రలు లేవని అక్కకీ మిగతావాళ్ళకీ కూడా ఫోను చేసి చెప్పాను. మందిరంలో ఒకటి, ఇంట్లోవాళ్ళకి ఒకటి చెబితే బాగుండదు కదా.

మార్చి 11, ఆదివారం

మేనల్లుడు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడట, మామయ్య విశ్వాసం మా అందరికీ ఆదర్శం అని. ఇరవై ముగ్గురు దణ్ణాలు పెట్టారు. మూడుసార్లు చూపించమన్నాను.

ఇవాళ పాస్టరు గారు అమ్మల్ని కూడా ముందుకు పిలిచారు. వేళ్ళు ముడిచి చూపించమ్మా అన్నారు. ముడిచింది. తెరవమన్నారు. తెరిచింది. చప్పట్లు. మే నెలలో వార్షికోత్సవానికి సాక్ష్యాల పుస్తకం వేస్తున్నారట, మూడు వందల కాపీలు. మొదటి సాక్ష్యం నాది! బైండింగు కూడా మాకే! నీ కూతురి చేతుల మీదుగానే రావాలి ఆ పుస్తకం అన్నారు. ఇంతకన్నా ఏం కావాలి?

అమ్మలు మాత్ర వేసుకునేది ఆదివారం భోజనం తర్వాత. ఇవాళ పళ్ళెం పక్కన స్ట్రిప్పు కనపడలేదు. ముందే వేసుకుని ఉంటుంది.

మార్చి 29, గురువారం

ప్రెస్సు నుంచి ఫారాలు, అంటే అచ్చయిన పెద్ద కాగితాలు, వచ్చాయి. పుస్తకానికి ఆరు ఫారాలు, ఒక్కో ఫారం మూడు మడతలు. మొత్తం పద్దెనిమిది వందల ఫారాలు మడవాలి, వరస పెట్టాలి, దారంతో కుట్టాలి, వీపుకి జిగురు రాయాలి, అట్ట వేయాలి. మడతలూ కుట్టూ వెనక గదిలో అమ్మలు పని. అట్టలూ జిగురూ ముందు గదిలో నా పని, నా కళ్ళకి ఇప్పుడు సూది కనపడదు.

మొదటి ఫారంలో నా ఫొటో, నా మాటలు! ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, యాభై ఏళ్ళు అందరి మాటలూ కుట్టాను, నా మాట అచ్చులో చూడటం ఇదే మొదలు. కాస్త దిద్దారు. నేడు ఆమె ఒక్క మాత్ర కూడా స్వీకరించుట లేదు, దేవునికే మహిమ, అని లావు అక్షరాల్లో వేశారు. చదివావా అని అమ్మల్ని అడిగాను. మడిచేది నేనే కదా నాన్నా, మూడు వందల సార్లు చదువుతాను అంది.

నవ్వుతూనే అంది.

ఏప్రిల్ 8, ఆదివారం

అమ్మలు ఈ మధ్య మా అందరికన్నా ముందు లేస్తోంది. అయిదున్నరకే స్నానాల గది తలుపు వేసుకుంటుంది, వేడినీళ్ళ కుళాయి తిరుగుతూనే ఉంటుంది, అరగంట దాకా బయటికి రాదు. లోపల చిన్నగా ప్రార్థన చేస్తున్నట్టు గొణుగుడు. ఎంత భక్తి పెరిగింది ఈ పిల్లకి! తలుపు బయట నిలబడి నేను కూడా ఆమెన్ అన్నాను.

ఏప్రిల్ 15, ఆదివారం

పొద్దున్నే చిన్న చికాకు. అమ్మలు జిగురు సీసాకి మూత పెట్టడం మానేసింది. మూతి మీద తడిగుడ్డ కప్పి వదిలేస్తోంది. పైనంతా మీగడ కట్టినట్టు ఎండిపోయింది. ఇట్లాగేనా నేను నేర్పింది అని కసిరాను. ఊరికే తీసి పెట్టి తీసి పెట్టి టైము వేస్టు నాన్నా, పుస్తకాలు అందాలి కదా అంది. నిజమే, పని తొందరలో ఉంది.

ఏప్రిల్ 19, గురువారం

అమ్మలు జుట్టు భుజాల పైకి కత్తిరించుకుని వచ్చింది. బాగుంది అన్నాను.

ఏప్రిల్ 26, గురువారం. ఉదయం పదిన్నర

కుట్టిన పుస్తకాలు అరవై ముందు గదికి వచ్చాయి. జిగురు రాద్దామని ఒకటి తీసి వీపు మీద వేలు పెట్టాను. కళ్ళు పోయినా వేళ్ళు పోలేదు. చేతిరాత ఎట్లాగో కుట్టు కూడా అట్లాగే, ఎవరిది వాళ్ళదే. అమ్మలు ముడి కుడి పక్కన పడుతుంది, నేను నేర్పిన ముడి. ఇందులో ముడి ఎడమ పక్కన ఉంది. ఇంకోటి తీశాను. ఎడమ పక్కన. ఇంకోటి. అరవైలో అరవైకీ ఎడమ పక్కనే.

ఈ ఇంట్లో ఎడమచేతి వాటం మా ఆవిడది. ఇరవై ఏళ్ళ కింద సూది పక్కన పెట్టేసిన మనిషి.

వెనక గదిలోకి వెళ్తున్నాను.

సాయంత్రం అయిదు

ఇప్పుడు తీరిగ్గా రాస్తాను. ఒక్క మాట కలపకుండా రాస్తాను.

మా ఆవిడ సూదితో కూర్చుని ఉంది. అమ్మలు ఫారాన్ని బల్ల మీద పరిచి, వేళ్ళతో కాదు, ముంజేతితో నొక్కి మడుస్తోంది. నన్ను చూసి చేతులు ఒళ్ళోకి లాక్కుంది. నేను చూపించు అన్నాను. ఏం లేదు నాన్నా అంది. మా ఆవిడ సూది బల్లకి గుచ్చి, ఇంక చాలు, ఆ మహానుభావుడికి చూపించవే అంది.

చూశాను. కణుపులు మళ్ళీ ఉసిరికాయలు. కుడిచేతి ఉంగరపు వేలు పక్కకి వంగిపోయింది. మొదటి మూడేళ్ళలో కూడా అట్లా వంగలేదు.

మా ఆవిడ దారపు ఉండల డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. అడుగున స్ట్రిప్పు. పది గడుల్లో రెండే ఖాళీ, ఎనిమిది నిండుగా ఉన్నాయి. ఎనిమిది ఆదివారాలు. సూది పట్టుకోలేకపోతోందని పన్నెండు రోజుల కింద తను కుట్టడానికి కూర్చున్నప్పుడు ఈ డబ్బాలో దొరికిందట. నాకు చెప్పొద్దని పిల్ల ఒట్టు పెట్టించుకుందట. ఒట్టు తీసి గట్టున పెట్టి మీకు చెప్పాల్సింది, నాకూ బుద్ధి లేదు అంది. ఆ తర్వాత అంది, మీరు దేవుడి ఇంట్లో మైకు పట్టుకుని అబద్ధమాడారు, దాన్ని నిజం చెయ్యడానికి ఇది మాత్రలు మానేసింది అని.

నేను అమ్మల్ని అడిగాను, ఎందుకమ్మా అని.

తల వంచుకునే చెప్పింది. ఆ రోజు మందిరం నుంచి వచ్చాక స్ట్రిప్పు చేతిలోకి తీసుకుందట. నువ్వు మందిరంలో అందరి ముందూ ఒక్క మాత్ర కూడా లేదని చెప్పి వచ్చావు, నేను లోపల కూర్చుని మింగుతున్నాను, ఏదో దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది నాన్నా అంది. నీకు అంత విశ్వాసం ఉంది కదా, నాకే తక్కువేమో అనుకున్నానంది. మూడు నాలుగు వారాలు ఏమీ కాలేదట. నిజంగానే తగ్గిపోయిందనుకుందట. ఆ తర్వాత పొద్దున పూట వేళ్ళు బిగుసుకోవడం మొదలైంది. అందుకే వేడినీళ్ళు. అందుకే మూత పెట్టకపోవడం. జడ వేసుకోలేక జుట్టు.

స్నానాల గదిలో ఏం ప్రార్థన చేసేదానివి అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

నాన్న మాట పోకుండా చూడు ప్రభువా అని, అంది.

నేను తలుపు బయట నిలబడి దానికి ఆమెన్ అన్నాను.

ఏప్రిల్ 27, శుక్రవారం

డాక్టరమ్మ వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది. ఎక్స్‌రే తీయించింది. రక్తం తీయించింది. మళ్ళీ మొదటికి కాదు, మొదటికన్నా కిందికి పోయాం అంది. వాపు దిగడానికి ఇంజెక్షను ఇచ్చింది. మాత్ర మళ్ళీ మొదలు. మళ్ళీ నాలుగు నెలలు. ఉంగరపు వేలు మాత్రం పూర్తిగా చాపుకోలేకపోవచ్చు అంది. ఒక వేలు. బైండరు చేతికి అది ఒక వేలు కాదు, దారం బిగించేది ఆ వేలే. డాక్టరమ్మకి ఆ సంగతి చెప్పలేదు.

ఎవరు మానమన్నారు అని అడిగింది. అమ్మలు నోరు తెరిచేలోపు నేనే అన్నాను. మీరు డాక్టరా అంది. కాదమ్మా, బైండర్ని అన్నాను. నవ్వలేదు. మేం ప్రార్థన చేశామమ్మా అన్నాను. చేయండి, ఎవరు వద్దన్నారు, పొద్దున ఆస్పత్రి మెట్లెక్కేటప్పుడు నేనూ చేస్తాను, కానీ ప్రార్థనకీ మాత్రకీ పోటీ ఎవరు పెట్టారండీ అంది.

నేను పెట్టాను.

ఏప్రిల్ 28, శనివారం

గొడుగాయన ఇంటికి పరిగెత్తాను. ఆయన భార్యకి పన్నెండేళ్ళుగా షుగరు. నేను నోరు తెరిచేలోపే ఆయన కుర్చీ వేసి, మేమూ మానేశామండీ, మూడు వారాలయింది, వార్షికోత్సవంలో సాక్ష్యం చెప్పాలని దాచాం అన్నాడు. మొహం వెలిగిపోతోంది. ఆవిడ మంచం మీద పడుకుని ఉంది, పక్కన నీళ్ళ చెంబు. గుక్కెడు గుక్కెడు తాగుతూనే ఉంది. కొంచెం నీరసం అంతే అన్నయ్యగారూ, మీ అమ్మాయిని చూసి ధైర్యం తెచ్చుకున్నాను అంది.

నిజం చెప్పాను. ఆయన గొడుగు తీసి భుజాన వేసుకుని, ఆస్పత్రికి నడవండి, దారిలో నన్ను మాత్రం పలకరించకండి అన్నాడు. ముగ్గురం వెళ్ళాం. ఆవిణ్ణి ఉంచేశారు. ఇంకో వారం ఆగితే కష్టమయ్యేదట.

వచ్చేటప్పుడు వాన పడింది. ఆయన గొడుగు విప్పుకున్నాడు. నేను తడుచుకుంటూ వచ్చాను. బాగా అయింది.

ఏప్రిల్ 29, ఆదివారం

మందిరానికి వెళ్ళలేదు. ఇంట్లోనూ ప్రార్థన చేయలేదు.

మే 1, మంగళవారం

రెండు రోజులుగా ఎట్లా ఉందమ్మా అని అడుగుతున్నాను. బాగానే ఉంది నాన్నా అంటుంది. గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తుతుంది, బాగానే ఉంది అంటుంది. గుండీలు పెట్టడానికి వాళ్ళమ్మని లోపలికి పిలుచుకుంటుంది, బాగానే ఉంది అంటుంది. నా దగ్గర నొప్పి దాచడం అలవాటయిపోయింది. నేనే అలవాటు చేశాను. నా సంతోషానికి అడ్డం రాకూడదని.

దేవుడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ప్రభువా, మూడేళ్ళు మోకాళ్ళ మీద ఉన్నవాడికి ఇదా నువ్విచ్చేది అన్నాను, పైకే అన్నాను, షాపులో ఒక్కణ్ణే. నాలుగు మాటలకే కోపం తిరిగొచ్చి నా మీదే పడింది. ఆయన ఇచ్చాడు కదా! మార్చి రెండున మూత తీయించాడు కదా! నెమ్మదిగా, వారానికొకటి చొప్పున, చిన్న పసుపు మాత్రలో పెట్టి ఇచ్చాడు. అది నాకు చిన్నతనమనిపించింది. మాత్ర వల్ల తగ్గింది అంటే మైకులో బాగుండదు. ఆమెన్ గట్టిగా రాదు. దేవుడిచ్చింది చాలక పైన నేను కొంత కలిపాను.

అదే నా విశ్వాసం. అంతే ఉంది. మడత విప్పి చూస్తే ఇంతే.

మే 3, గురువారం

పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. మొదటి ఫారం మార్చండి, లేదా చిన్న చీటీ అచ్చు వేయించండి, మూడు వందల కాపీల్లోనూ నేనే అతికిస్తాను అన్నాను. చీటీ కూడా రాసుకెళ్ళాను: ఇందులో చెప్పినది తప్పు, మా అమ్మాయి మాత్రలు వేసుకుంటోంది, మీరు మీ మాత్రలు మానకండి.

ఆయన చదివి మడిచి నాకే ఇచ్చేశారు. ఒక్క వాక్యం కోసం విశ్వాసంలో బలహీనుల్ని ఎందుకు కలవరపెడతారు అన్నారు. ఎంతమంది ఆ వాక్యాన్ని పట్టుకుని నిలబడి ఉన్నారో మీకు తెలుసా అన్నారు. నా భయమూ అదేనండీ అన్నాను. గొడుగాయన భార్య సంగతి చెప్పాను. ఆయన కిటికీ వంక తిరిగి, నేను ఎవరినీ మాత్రలు మానమని ఎప్పుడూ చెప్పలేదండీ అన్నారు. చెప్పలేదు, నిజం. ఆ తర్వాత మెల్లగా, మీ నోటితో మీరు చెప్పిందే వేశాం, మేమేమీ కలపలేదు అన్నారు. అదీ నిజం. ఆ మాట ఇంటిదాకా గుచ్చుకుంటూనే వచ్చింది.

అయితే నేను బైండు చేయను అన్నాను.

సాయంత్రం వ్యాను వచ్చింది. కుట్టినవీ, కుట్టనివీ, మడిచినవీ అన్నీ ఎక్కించుకుపోయారు. ఊళ్ళో బైండరు నేనొక్కణ్ణే కాదు.

మే 6, ఆదివారం

వార్షికోత్సవం. పుస్తకాలు గుమ్మం పక్కన బల్ల మీద పేర్చి ఉన్నాయి. దారం లేదు, కుట్టినవి కూడా విప్పేసి మిషను మీద పిన్నులు కొట్టించారు. ఒకటి తీసి తెరిచాను. పిన్నులు ఎవరివో, మడత మాత్రం మా అమ్మలుదే. గీత దగ్గర సన్నగా పక్కకి జరిగి ఉంది. ముంజేతితో మడిచిన మడత.

సాక్ష్యాల టైములో నన్ను పిలవలేదు. పిలవరని తెలుసు. చివరాయన చెప్పి కూర్చోగానే నా చోటే లేచి నిలబడ్డాను. మైకు లేదు. గొంతు మరీ పెద్దగా వచ్చింది.

మొదటి పేజీలో ఉన్నది అబద్ధం అన్నాను. చెప్పింది నేనే. మా అమ్మాయికి దేవుడు మాత్రతోనే మేలు చేస్తున్నాడు, ఆ మేలుకి నేను అబద్ధం అతికించాను, అతికించడం నా వృత్తి కదా. నన్ను నమ్మి ఎవరైనా మందులు ఆపి ఉంటే ఇవాళే వేసుకోండి, ప్రార్థన చేసుకునే వేసుకోండి అన్నాను.

టింగ్. గంట మోగింది. రెండు నిమిషాలు కాలేదని నాకు తెలుసు.

ఒక్కరూ ఆమెన్ అనలేదు. ఎవరో పుస్తకం కుర్చీ కింద పెట్టిన చప్పుడు వినపడింది. గొడుగాయన పక్క కుర్చీలోనే ఉన్నాడు, నా వంక తిరగలేదు. అప్పుడు నాలుగో వరసలోంచి ఒక్క గొంతు, కీచుగా, ఆమెన్ అంది. మా ఆవిడ. నలభై ఏళ్ళుగా మందిరంలో పెదవి కదపకుండా కూర్చునే మనిషి.

ఇంటికి వచ్చేటప్పుడు నా పక్కనే నడిచింది. మీ కోసం అనలేదు, ఆ నిశ్శబ్దం భరించలేక అన్నాను అంది.

భోజనం అయ్యాక అమ్మలు మాత్ర పళ్ళెం పక్కన పెట్టుకుంది. నేను ప్రార్థన చేయనా అని అడిగాను, భయం భయంగానే. చెయ్యి నాన్నా, కానీ ఏమీ కలపకు అంది.

ప్రభువా, ఇది పనిచేసేలా చూడు. ఇంతే చేశాను. పనిచేయకపోయినా నిన్ను వదలను అని చెప్పబోయి ఆగాను. అంత నమ్మకం ఉందో లేదో నాకింకా తెలియదు. ఉన్నంతే చెప్పాను. తను మాత్ర మింగింది. నీళ్ళ గ్లాసు నేను పట్టుకున్నాను, పట్టుకోనిచ్చింది.

మే 10, గురువారం

గొడుగాయన భార్య ఇంటికి వచ్చేసిందట. కుడికాలి మడమ దగ్గర పుండు పడింది, మానడానికి చాలా రోజులు పడుతుందట. చూడటానికి వెళ్తే ఆయన గుమ్మం దగ్గరే ఆపేశాడు. లోపల్నుంచి ఆవిడ, రానివ్వండి, వాళ్ళ అమ్మాయి చెయ్యి ఎట్లా ఉందో అడగాలి అంది. ఆయన రానివ్వలేదు.

మే 14, సోమవారం. ఉదయం ఏడు గంటలు

నొప్పిగా ఉంది నాన్నా అంది! అమ్మలు! నేను అడగలేదు! తనంతట తానే, జిగురు సీసా తెచ్చి నా ముందు పెట్టి, నొప్పిగా ఉంది నాన్నా, ఇవాళ మూత నువ్వు తియ్యి అంది!

చప్పట్లు కొట్టలేదు. గుడ్డ చుట్టి, మోకాళ్ళ మధ్య ఇరికించి, తీశాను.

చెప్పాల్సినవాళ్ళు. ఉన్నది ఉన్నట్టు: చెయ్యి తగ్గలేదు, ఒక వేలు వంగింది, మాత్ర వేసుకుంటోంది, తప్పు నాది.

అక్కకి. ముందు తనకే. తిడుతుంది, పూర్తిగా తిట్టనివ్వాలి.
బావగారికి. చెవుడు, రెండుసార్లు చెప్పాలి. రెండోసారి కూడా అదే చెప్పాలి.
తమ్ముడికి.
మరదలికి విడిగా. తమ్ముడు తగ్గించి చెబుతాడు.
బామ్మర్దికి. నవ్వుతాడు, నవ్వనీ.
మా ఆవిడ పిన్నికి. ఆవిడకి బీపీ మాత్రలు ఉన్నాయి. ఇవాళే.
మేనల్లుడికి. గ్రూపులో పెట్టమనాలి. ఇరవై ముగ్గురికీ.